కాగితం మీద లక్ష్మీకుమారి

“పేరు రాయకండా ఫిర్యాదేటి నాన్నా? పేషెంటుకి పేరుండదా?”

మహేశ్ కాగితాన్ని బల్ల మీదకి విసిరాడు. బలరాం దాన్ని తీసి, మడత సరిచేసి, మళ్లీ ముందు పెట్టుకున్నాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆయన రాసిన వాటిలో ఇది నాలుగోది. మొదటి మూడింటినీ చింపి చొక్కా జేబులో కుక్కుకున్నాడు. చెత్తబుట్టలో వెయ్యడానికి ధైర్యం చాలలేదు. నిన్నటి నుంచి ఆయనకి చెత్తబుట్ట మీద కూడా అనుమానమే.

నిన్న సాయంత్రం పవర్ హౌస్ బజారు నుంచి నర్సింగ్ హోం మేనేజరు సాహు స్కూటరేసుకుని సెక్టర్ 7కి వచ్చాడు. వచ్చినవాడు వీళ్ల తలుపు తట్టలేదు. పక్క క్వార్టర్లో అప్పలకొండ దగ్గర ఆగి, బలరాం ఇల్లు ఏదని అడిగాడు. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారని కూడా అడిగాడు. అడిగి వెళ్లిపోయాడు. అప్పలకొండ ఆ సంగతి గోడ మీంచి చెప్పి, “ఏటి బలరాం, ఏటైనా గొడవేటి?” అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటూ బలరాం రాత్రంతా పక్క మీద దొర్లాడు.

“ఎంతమందుంటారని ఎందుకడిగాడు చెప్పు?” అన్నాడు కొడుకుతో, గొంతు తగ్గించి. “తెలిసే అడిగాడు. ఎవరో చెప్పీసినారు.”

“ఎవరు చెప్తారు? మనకి నలుగురికే కదా తెలుసు.”

“అదే నేనూ అంటున్నాను. నలుగురికే తెలుసు.”

తండ్రీకొడుకులిద్దరూ వంటింటి వైపు చూశారు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ నలుగురికి తెలిసిన సంగతి ఇదీ. లక్ష్మీకుమారి అక్క నూకాలమ్మ పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. భర్త పోయి పదేళ్లయింది. గర్భసంచిలో గడ్డ ఉందని తేలాక చెల్లెలింటికి వచ్చింది. బలరాం పనిచేసే భిలాయి ఉక్కు ప్లాంటు వాళ్లిచ్చిన మెడికల్ బుక్‌లో భార్యకి చోటుంది, పిల్లలకి ఉంది, వదినకి లేదు. కానీ అక్కచెల్లెళ్లది ఒకటే పోలిక, బుక్‌లో అతికించిన ఫోటో చూస్తే పన్నెండేళ్ల కిందటిది. ఇంకేం కావాలి? నూకాలమ్మ నుదుట బొట్టు పెట్టారు, చెల్లెలి నల్లపూసలు మెడలో వేశారు, బలరాం భార్య లక్ష్మీకుమారి అని చెప్పి ప్లాంటు ఖర్చు భరించే ప్యానెల్లో ఉన్న నర్సింగ్ హోంలో చేర్పించారు. దానికి తెలివి అని పేరు పెట్టుకున్నారు కూడా.

ఆపరేషన్ బాగానే అయింది. మూడోనాడు పొద్దున నర్సు రాలేదని, మందుల గది చూసుకునే మనిషెవరో వచ్చి నూకాలమ్మ కుడి జబ్బకి ఇంజక్షన్ పొడిచి పోయాడు. ఆ పూట నుంచి ఆమె మణికట్టు పైకి లేవలేదు. రెండు నెలలైంది, ఇప్పటికీ చెయ్యి కిందికే వేలాడుతోంది. సూది తప్పు చోట పడి నరం దెబ్బతిందనీ, ఆలస్యం చెయ్యకుండా పెద్ద డాక్టరుకి చూపించాలనీ రాయపూర్‌లో చెప్పారు. కాగితం మీద మాత్రం ఆ చెయ్యి లక్ష్మీకుమారిది. గర్భసంచి లేనిది కూడా లక్ష్మీకుమారికే.

“కేసే వెయ్యాల,” అన్నాడు మహేశ్. భిలాయిలో పుట్టి పెరిగిన కుర్రాడు, కోపం వస్తే తెలుగు చాలదు వాడికి. “సునో నాన్నా, సుప్రీంకోర్టు కిందటేడే చెప్పేసింది. డాక్టర్లు కూడా కన్జ్యూమర్ ఫోరంలో జవాబు చెప్పాల్సిందే. దుర్గ్‌లోనే ఉంది ఫోరం. గురునాథరావు వకీలు సాబ్ ఏమన్నాడు? పక్కా కేస్ హై అన్నాడు.”

“పక్కాయే. బుక్కు తెమ్మంటారు కదా?”

“తీసుకెళ్లి చూపిస్తాం.”

“మనిషిని తెమ్మంటే?”

“పెద్దమ్మ వస్తుంది. ఒకసారి అమ్మ అయింది కదా, ఇంకోసారి అవ్వదా?”

“కోర్టులోనా? పెమాణం చేసా?” బలరాం కుర్చీలోంచి లేచిపోయాడు. “వాళ్ల వకీలు ఒక్క ప్రశ్న హిందీలో అడిగితే చాలు, మీ పెద్దమ్మ తెల్లమొహం వేస్తాది. అక్కడితో బుక్కు కోర్టు నుంచి ప్లాంటుకి పోతాది, ప్లాంటు నుంచి నాకు ఛార్జిషీటు వస్తాది. మూడేళ్లుందిరా రిటైరవడానికి. ఇరవై ఎనిమిదేళ్లు ఫర్నేసు ముందు కాలినాను. ఇప్పుడు దొంగ అనిపించుకుని పోవాలేటి?”

“మరి ఈ చిట్టీ వల్ల ఏమవుతుంది? ‘ఒకానొక రోగికి మీ నర్సింగ్ హోంలో అన్యాయం జరిగింది’ అట. ఏ రోగి? ఏ రోజు? ఏ చెయ్యి? కచరాలో పడేస్తారు.”

“పడేస్తే పడేస్తారు. మనమీదకి రాదు కదా.”

“అదీ అసలు సంగతి. పెద్దమ్మ చెయ్యి కాదు, మన మీదకి రాకపోవడం.”

జవాబు లేనప్పుడు ఆయనకి భార్య గుర్తొస్తుంది.

“లక్ష్మీ! ఇటు రా.”

లక్ష్మీకుమారి తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. లోపల్నుంచి అంతా విందని ఆమె మొహమే చెప్తోంది.

“నువ్వు అప్పలకొండ పెళ్లాంతో ఏటైనా అన్నావా?”

“దుర్గాదేవితోనా? నాకేటి పని?”

“గోడ దగ్గర గంటలు గంటలు మాటాడుకుంటారు కదా.”

“పచ్చళ్ల గురించి మాటాడుకుంటాం. మీ మెడికల్ బుక్కు గురించి కాదు.” ఆమె కొడుకు వైపు తిరిగింది. “నీ వకీలుకి నువ్వెంతవరకు చెప్పినావురా? మొత్తం చెప్పీసినావేటి?”

మహేశ్ చప్పున తల తిప్పుకున్నాడు. “అమ్మ చెయ్యి పడిపోయింది అని చెప్పాను. అంతే.”

“అంతేనా?”

“అంతే అన్నాను కదా అమ్మా!”

ఆ గొంతులో ఎక్కడో బెసికింది. తల్లికి అర్థమైంది, తండ్రికి కాలేదు. లక్ష్మీకుమారి కొడుకుని అలాగే చూస్తూ నిలబడింది. తన కడుపున పుట్టినవాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయని ఆమెకి తెలుసు. కానీ ఇప్పుడు అడిగితే తండ్రి ముందు అడగాలి. అడగలేదు.

“మీరిద్దరూ కేసంటారు, కాయితం అంటారు,” అంది చివరికి. “చెయ్యి ఎవరిదో ఆవిణ్ణి అడిగారా ఒక్కలైనా?”

బలరాం నాలుగో కాగితం కూడా చింపి జేబులో పెట్టుకున్నాడు.

*

నూకాలమ్మ పెరటి వరండాలో చేట ముందేసుకుని ఎడంచేత్తో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరడం అని మనం అనుకోవాలి. గింజలు చేటలో కంటే గచ్చు మీద ఎక్కువున్నాయి. రోజుకి కొన్ని వేల జీడిపప్పులు బద్ద విరక్కుండా ఒలిచిన మనిషికి, ఒక్క మట్టిబెడ్డ కోసం ఐదారుసార్లు వేళ్లు పెట్టాల్సి వస్తోంది.

లక్ష్మీకుమారి పక్కన కూర్చుని నూనె గిన్నె దగ్గరికి లాక్కుంది. పక్కనున్న ఉతై ఊళ్లో ఒక వైద్యుడిచ్చిన నూనె అది. దుర్వాసన తప్ప దాని గుణమేమిటో ఇంతవరకూ తెలీలేదు. అక్క కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

“అప్పా, ఒక మాటడుగుతాను. కోపం తెచ్చుకోకు.”

“అడుగు.”

“దుర్గాదేవి నిన్ను చూడ్డానికొచ్చింది కదా మొన్న. దానితో నువ్వేటైనా అన్నావా?”

నూకాలమ్మ చేటలోంచి తలెత్తలేదు. “నువ్వూ నన్నే అనుమానిస్తన్నావేటి లచ్చిమీ?”

“అది కాదు అప్పా, వాళ్లకెలా తెలిసిందో అని...”

“నోరిప్పొద్దన్నావు. ఇప్పనేదు. దానితోనీ ఇప్పనేదు, ఎవల్తోనీ ఇప్పనేదు.” అదే గొంతుతో అంది. “సూదేసిన్నాడూ ఇప్పనేదు.”

“ఏటి?”

“సూది దిగీసరికి నిప్పెట్టినట్టయింది. జబ్బ కాడనుంచి బొటనేలు దాకా ఎలిపోయింది మంట. ఓలమ్మో అని అరవాల. ఆడి సెయ్యట్టుకు లాగీయాల. నాను ఊర్కున్నాను.”

“ఎందుకూరుకున్నావు అప్పా?”

“నువ్వేటి సెప్పినావు? పాతికేళ్ల నుంచి బిలాయిలో ఉన్న ఆడదానికి ఇందీ రాదంటే పట్టీసుకుంతారు, నొప్పొచ్చినా తెలుగు మాట పైకి రానీకు, పళ్లు బిగించి పడుకో అన్నావు. పళ్లు బిగించినాను. ఆడు మందంతా ఎక్కించీదాకా బిగించినాను.”

లక్ష్మీకుమారి చేతులు ఆగిపోయాయి. ఒళ్లో ఉన్న చెయ్యి అప్పుడు ఎంత బరువుగా అనిపించిందో ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది. ఆ మాట అన్నది తనే. ఆటోలో నర్సింగ్ హోంకి వెళ్తూ, నల్లపూసలు సరిచేస్తూ, నవ్వుతూ అంది. ఒక్క కేక వేసుంటే ఆ మనిషి సూది తీసేసేవాడు. అక్క కేక వెయ్యలేదు, చెల్లెలు వద్దంది కాబట్టి.

దుఃఖంతో పాటు ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. రెండు నెలలు కడుపులో దాచుకున్న మాట ఇవాళ ఎందుకు చెప్పింది? తనని దెప్పడానికా? రేపు అందరి ముందూ చెప్తుందా? అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ అనుకోకుండా ఉండలేకపోయింది.

“ఏడవకు,” అంది నూకాలమ్మ. “నిన్నన్నానా? నాకు కేసూ తెల్దు, కాయితమూ తెల్దు. పెద్ద డాట్రుకి సూపించి సెయ్యి బాగుసేస్తే బాగుసెయ్యండి. నేకపోతే, నూకాలమ్మ సెయ్యి పాడు సేసినారని నా పేరెట్టి ఎవడితోనైనా సెప్పండి. ఊళ్లోకెల్తే నా సెయ్యికేటైందని అడుగుతారు. మా సెల్లికి సూదేస్తే నాకు పడిపోయిందని సెప్పాలా?”

వీధిలో స్కూటరు ఆగిన చప్పుడైంది.

*

“అమ్మా! వాడే. సాహు!”

మహేశ్ పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే బలరాం. ఆయన మొహంలో నెత్తురు లేదు.

“పరీక్ష చెయ్యడానికే వచ్చాడు,” అన్నాడు. “వదినా, లోపల కుర్చీలో కూర్చో. లక్ష్మీ, వదినకి బొట్టు పెట్టు. తొందరగా.”

స్టిక్కర్ల అట్ట కోసం లక్ష్మీకుమారి అద్దం వెనక చూసింది, సొరుగు లాగింది, తలగడ కింద చెయ్యి పెట్టింది. కనబడలేదు. కాలింగ్ బెల్ మోగింది. ఇంకోసారి మోగింది. ఆమె ఒక్క క్షణం ఆగి, తన నుదుటి మీది బొట్టు పీకి అక్క నుదుట అతికించింది. నల్లపూసలు కూడా తీసి వేసింది.

“లచ్చిమీ! ఏటిది, మగడుండగా...” నూకాలమ్మ నల్లపూసలు తియ్యబోయింది.

“ఊరుకో అప్పా.”

బలరాం భార్య మొహం చూసి చప్పున కళ్లు దించుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ నుదుటిని ఖాళీగా చూడటం అదే మొదలు. అయినా వద్దనలేదు. వెళ్లి తలుపు తీశాడు.

సాహు లావుపాటి మనిషి. లోపలికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మంచినీళ్లిస్తే గ్లాసెత్తి గటగటా తాగాడు. కళ్లు నాలుగు గోడలూ తిరిగొచ్చాయి. నంగనాచి వేషాలు, అనుకున్నాడు బలరాం.

“ఏ కౌన్ హై?” అంటూ, గ్లాసు అందుకుంటున్న లక్ష్మీకుమారిని చూపించి, ఈవిడెవరని అడిగాడు.

“సాలీ హై మేరీ,” అన్నాడు బలరాం. “గావ్ సే ఆయీ హై.”

తన ఇంట్లో, తను తుడిచిన గచ్చు మీద నిలబడి, లక్ష్మీకుమారి ఊరి నుంచి వచ్చిన మరదలైపోయింది. ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మం పక్కకి జరిగింది.

సాహు సంచీలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దుర్గ్ వకీలు గురునాథరావు పంపిన నోటీసు. రోగి పేరు శ్రీమతి లక్ష్మీకుమారి. పదిహేను రోజుల్లో జవాబివ్వకపోతే ఫోరంలో కేసు వేస్తామని ఉంది.

బలరాం మెల్లగా కొడుకు వైపు తిరిగాడు. మహేశ్ చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పొద్దుట్నుంచీ తండ్రి కాగితాలు చింపుతుంటే చూస్తూ కూర్చున్నవాడు, వారం కిందటే నోటీసు ఇప్పించేశాడు.

“తర్వాత మాటాడుకుందాం,” అన్నాడు బలరాం తెలుగులో, పళ్ల మధ్యనుంచి. ఆపైన సాహుని హిందీలో అడిగాడు. “నిన్న పక్కింట్లో మా ఇంట్లో ఎంతమందున్నారని అడిగారట. ఎందుకు?”

సాహు తెల్లబోయాడు. ఇబ్బందిగా నవ్వాడు. చెప్పడానికి సిగ్గేస్తోంది అన్నాడు. కిందటి నెల ఇంకో కేసులో పేషెంటు తరఫు మనుషులు తనని పట్టుకుని కొట్టారు. ఇక్కడ మగాళ్లు ఎంతమందున్నారో తెలుసుకుని వద్దామనుకున్నాడు. తెలిశాక కూడా నిన్న ధైర్యం చాలక వెనక్కెళ్లిపోయాడు.

అంటే ఇతనికి ఏమీ తెలీదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. అప్పలకొండ ఊరికే నవ్వాడు. రాత్రంతా, పొద్దుటంతా ఒకరినొకరు అనుమానించుకున్నది ఈ పిరికివాడి కోసమా! బలరాంకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

సాహు చెప్పాల్సింది ఇంకా ఉంది. డాక్టర్ సాబ్ మంచి మనిషి. ఆయనే నాగ్‌పూర్‌లో నరాల డాక్టరుకి చూపిస్తారు, ఆపరేషన్ కావాలంటే అదీ చేయిస్తారు. కేసు మాత్రం వద్దు, ఎక్కడా ఫిర్యాదు వద్దు. దానికి ఒక కాగితం తెచ్చాడు. చేరేటప్పుడు పేషెంటు వేలిముద్ర వేసింది కాబట్టి ఇప్పుడూ తన ముందు వేలిముద్ర వేస్తే చాలు.

నాగ్‌పూర్ డాక్టరు. ఉద్యోగం భద్రం. కేసూ లేదు, ఫిర్యాదూ లేదు. బలరాం గుండెల మీంచి బరువు దిగిపోయింది. మహేశ్ కూడా తల ఊపాడు.

సాహు సిరా పెట్టె తెరిచి నూకాలమ్మ కుర్చీ దగ్గర వంగాడు. వేలాడుతున్న ఆ చేతిని చూసి ఒక్క క్షణం ఆగాడు. “బహుత్ బురా హువా,” అన్నాడు. ఆ జాలి మాట మనసులోంచే వచ్చింది. ఆ తర్వాత కాగితం చదివాడు.

“ఏటంతన్నాడు నానా?” అని నూకాలమ్మ మహేశ్‌ని అడిగింది.

“నాగ్‌పూర్ తీసుకెళ్లి చూపిస్తారట పెద్దమ్మా. నువ్వు వేలిముద్ర వెయ్యాల.”

“అదొక్కటేనా? ఇంత సేపు సదివినాడు.”

మహేశ్ తండ్రి వైపు చూశాడు. తండ్రి కళ్లతోనే వద్దన్నాడు. కానీ పెద్దమ్మ చూపు వాడి మొహం మీంచి కదల్లేదు.

“లక్ష్మీకుమారి అనే నాకు...” వాడు కాగితం మీదకి చూపు దించాడు. “ఇంజక్షన్ వల్ల ఏ నష్టమూ జరగలేదు. చెయ్యి ముందు నుంచే అలా ఉంది. అని రాసుంది.”

“ముందు నుంచే?”

“అలా రాస్తేనే చూపిస్తారట.”

“వదినా, వేసీ,” అన్నాడు బలరాం. ఆయన గొంతులో అంత బతిమాలడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. “చెయ్యి బాగవుతాది. అంతకంటే మనకేటి కావాలి?”

నూకాలమ్మ కాగితం వైపు చూడలేదు. గుమ్మం పక్కన ఖాళీ గ్లాసుతో నిలబడ్డ చెల్లెలి వైపు చూసింది. ఆమె కళ్లు చెల్లెలి నుదుటి మీద ఆగిపోయాయి. తర్వాత ఎడంచేత్తో తన నుదుటి మీది బొట్టు పీకేసింది.

“అప్పా!” అంది లక్ష్మీకుమారి.

“ముందు నుంచే కాదు,” అంది నూకాలమ్మ. సాహుకి తెలుగు రాదు. ఆ సంగతి ఆమెకీ గుర్తొచ్చినట్టుంది. రెండు నెలల్లో ఈ ఇంట్లో విని పోగుచేసుకున్న హిందీ మాటలు వెతుక్కుంది. పళ్లు బిగించి కాదు, ఈసారి గట్టిగా, వీధిలోకి వినబడేలా అంది.

“మేరా నామ్ నూకాలమ్మ. హాత్ మేరా. సూయీ ముఝే మారా.”

పేరూ చెయ్యీ తనవేననీ, సూది పొడిచింది తనకేననీ ఆమె అనేసరికి సాహు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. సిరా పెట్టె చేతిలో ఉంది. నూకాలమ్మని చూశాడు. కాగితం మీద పేరు చూశాడు. గోడకున్న పెళ్లి ఫోటో చూశాడు. అందులో బలరాం పక్కన కూర్చున్న పిల్లని చాలాసేపు చూసి, తల తిప్పి గుమ్మం వైపు చూశాడు.

“తో ఫిర్ లక్ష్మీకుమారి కౌన్ హై?” మరి ఆ పేరు ఎవరిదని అడిగాడు.

బలరాం నోరు తెరిచాడు. ఇంకో అబద్ధం దొరక్క మూశాడు.

“మై హూ,” నేనేనంది లక్ష్మీకుమారి.

సాహు నిటారుగా నిలబడ్డాడు. సిరా పెట్టె మూత పెట్టాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని, బల్ల మీది వకీలు నోటీసుని కూడా తీసుకున్నాడు. కూర్చోమని ఎవరూ అనకపోయినా మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు, ఈసారి వెనక్కి ఆనుకుని.

“బలరాం జీ, ఆప్ కా మెడికల్ బుక్ దిఖాయియే,” అని, బుక్కు చూపించమంటూ చెయ్యి చాపాడు.

వచ్చినప్పుడు అతని మొహంలో ఉన్న భయం ఇప్పుడు లేదు.